చంచల్‌గూడ మహిళా కారాగారం గుమ్మంలో ఒక పూట

నల్లగొండ నుండి హైదరాబాదు వెళ్ళే ఆర్టీసీ బస్సు ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్ దాటి మలక్‌పేట చేరేసరికి సగానికి పైగా ఖాళీ అవుతుంది. మేము మహాత్మాగాంధీ బస్ స్టేషన్ వరకు వెళ్ళకుండా మలక్‌పేటలోనే దిగాము. అక్కడి నుండి నల్లగొండ చౌరస్తా మీదుగా ఆటోలో కొద్ది నిమిషాల దూరంలో చంచల్‌గూడ ఉంది. తెలుగునాట ఈ పేట పేరు చెబితే ఎవరికైనా మొదట గుర్తుకు వచ్చేది కారాగారమే. అక్కడ పుట్టి పెరిగిన వారికి ఈ మాట కొంత నొప్పి కలిగిస్తుంది. “మా పేటలో మసీదులు లేవా, కాలేజీ లేదా, ఇంత మైదానం లేదా? అందరూ జైలు చంచల్‌గూడ అనే అంటారు” అని ఆటో నడుపుతున్న పెద్దాయన దారిలోనే తన ఫిర్యాదు వినిపించారు.

ఈ జైలును 1876లో నిర్మించారు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ అప్పటికి చిన్న బాలుడు. రాజ్యభారం సాలార్‌జంగ్ మోసేవారు. ఆ తర్వాత ప్రభుత్వాలు మారాయి, రాష్ట్రం పేరు కూడా మారింది. గోడ మాత్రం అలాగే నిలిచి ఉంది. పురుషుల కేంద్ర కారాగారం ఒకవైపు, స్త్రీల ప్రత్యేక కారాగారం మరొకవైపు ఉన్నాయి. మేము వెళ్ళింది స్త్రీల కారాగారానికి.

ఒక మదరసా ఉపాధ్యాయునికి అక్కడ ఏం పని అని పాఠకులు అడగవచ్చు. పని మాది కాదు, మా విద్యార్థినిది. ఆమె ఆలిమా కోర్సులో ఐదవ సంవత్సరం చదువుతోంది. ఆ తరగతిలో మేము బోధించే గ్రంథం హిదాయా. ఫర్గానా ప్రాంతానికి చెందిన ఇమామ్ మర్గీనానీ (రహ్మలై) రచించిన ఈ హనఫీ ధర్మశాస్త్ర గ్రంథాన్ని ఎనిమిది శతాబ్దాలుగా ముస్లిం ప్రపంచమంతటా చదువుతున్నారు. అందులో న్యాయమూర్తి మర్యాదలను వివరించే భాగంలో నిర్బంధం గురించి ఒక చిన్న ప్రకరణం ఉంది. అప్పు తీర్చగలిగి కూడా తీర్చనివాణ్ణి ఖాజీ బంధించవచ్చు. కాని అతని దగ్గర ఏమీ లేదని తేలిన తర్వాత అతన్ని విడిచిపెట్టాలి. దివ్యఖుర్ఆన్ బఖరా సూరా 280వ ఆయతు కష్టంలో ఉన్న రుణగ్రస్తునికి గడువు ఇమ్మని ఆదేశిస్తుంది కదా. పేదరికం నేరం కాదు, దానికి చెర శిక్ష కాజాలదు.

ఆ పాఠం నడుస్తుండగా తెర అవతలి నుండి ఆ అమ్మాయి అడిగింది: “ఉస్తాద్, ఇప్పటి జైళ్ళలో కేవలం డబ్బు లేనందువల్ల లోపల ఉండిపోయిన వాళ్ళు ఉంటారా?”

ఇది కితాబుల్లో దొరికే జవాబు కాదు. మా మదరసాకు తెలిసిన ఒక న్యాయవాది సోదరి హైదరాబాదులో ఉంటారు. న్యాయ సేవాధికార సంస్థ తరఫున ఖైదీలకు ఉచిత న్యాయ సహాయం అందించే న్యాయవాదులలో ఆమె ఒకరు. ఆమెను సంప్రదించాము. షాబాన్ మాసంలో, రంజాన్‌కు ముందు, లోపలి ముస్లిం స్త్రీలకు రోజా మసాయిళ్ళు చెప్పడానికి ఆమె కొందరు సోదరీమణులతో కలిసి వెళ్ళనున్నారు. మా విద్యార్థినికి కూడా ఆమే అనుమతి సంపాదించారు. ప్రయాణం వంద కిలోమీటర్ల దాకా ఉంటుంది కనుక అమ్మాయి తండ్రి తోడుగా వచ్చారు. ఆయన మోటారు మెకానిక్. తక్కువగా మాట్లాడే మనిషి. బస్సులో మాతో పట్టుమని పది మాటలు కూడా మాట్లాడలేదు.

పురుషులమైన మేమిద్దరం లోపలికి వెళ్ళే ప్రశ్నే లేదు. అమ్మాయి ఫోను, బ్యాగు మాకు అప్పగించి, పేరు రాయించుకొని, న్యాయవాది సోదరి వెంట చిన్న తలుపు వంచుకొని లోపలికి వెళ్ళిపోయింది. మేము బయట నీడ చూసుకొని కూర్చున్నాము. అలా మూడు గంటలు గడిచాయి. కారాగారాన్ని బయటి నుండి చూసినవాడు కూడా కొంత తెలుసుకుంటాడని మాకు ఆ మూడు గంటల్లో అర్థమైంది.

పురుషుల జైలు వైపు ములాఖాత్‌కు వచ్చినవారి సందడి ఎక్కువగా ఉంది. తల్లులు, భార్యలు, చంకన బిడ్డలతో చెల్లెళ్ళు, చేతుల్లో బట్టల సంచులు. బుర్ఖాల్లో ఉన్నవారు కూడా తక్కువేమీ కాదు. స్త్రీల జైలు గుమ్మం దగ్గర మాత్రం ఆ మూడు గంటల్లో వచ్చినవారిని వేళ్ళ మీద లెక్కించవచ్చు. వారిలోనూ పురుషుడు ఒక్కడే కనిపించాడు. అతను కూడా ఎవరి భర్తో కాదు, ఒక ఖైదీ తమ్ముడు. తన కూతురిని చూడటానికి సూర్యాపేట వైపు నుండి వచ్చిన ఒక వృద్ధురాలు మా పక్కనే కూర్చొని ఉంది. మేము అడగకుండానే ఆమె అంది: “మొగోడు జైలుకు పోతే పెండ్లాం బట్టలు పట్టుకొని వారం వారం వస్తది సారూ. పెండ్లాం పోతే మొగోడు ఇంకో పెండ్లి చేసుకుంటడు.”

ఆమె మాటలో కోపం ఏమీ లేదు. ఇప్పుడు వానలు లేవు, ధరలు పెరిగాయి అన్నట్టే చెప్పింది. మా మెకానిక్ సోదరుడు తలవంచుకొని చేతిలోని తాళం చెవిని తిప్పుతూ ఉండిపోయారు.

మన ఇళ్ళలో ఈ విషయంలో గొప్ప చెప్పుకోవలసింది ఏమీ లేదు. కొడుకు జైలుకు వెళితే ‘ఇరికించారు’ అంటాము, వకీలును వెదుకుతాము, నగలు కుదువ పెడతాము. కోడలు వెళితే ఆమె పేరు ఇంట్లో వినిపించకుండా చేస్తాము. కూతురే వెళితే మిగతా కూతుళ్ళ పెళ్ళిళ్ళు ఆగిపోతాయని భయపడతాము. ఆ భయం పూర్తిగా అబద్ధం కాదు. అలాంటి సంబంధాలు వెనక్కి పోయిన సందర్భాలు మాకూ తెలుసు. వెనక్కి పంపినవారు కూడా మన మసీదుల్లో మన సఫ్‌లలో నిలబడేవారే.

జొహర్ వేళకు చుట్టూ ఉన్న మసీదుల నుండి ఒకదాని తర్వాత ఒకటి అజాన్ వినిపించింది. మేము నమాజు చేసుకొని తిరిగి వచ్చిన కొద్దిసేపటికి అమ్మాయి బయటికి వచ్చింది. ఆమె మొదటి మాట జైలు గురించి కాదు. మణికట్టు మీద వేసిన నీలం సిరా ముద్రను చూపిస్తూ, “ఉస్తాద్, లోపల ఇది ఉండగానే వుజూ చేసి నమాజు చదివాను. చెల్లుతుందా?” అని అడిగింది. సిరా చర్మానికి రంగు పట్టిస్తుందే కాని నీటిని అడ్డుకునే పొరగా ఏర్పడదు, కనుక వుజూ చెల్లుతుందని చెప్పాము. హిదాయా చదివే పిల్ల కదా, ముందు మస్‌అలా, తర్వాతే మిగతావన్నీ!

మధ్యాహ్నం న్యాయవాది సోదరి ఇంట్లో భోజనం. అక్కడ ఆమె చూసినదంతా చెప్పింది. మేము ఇక్కడ రాస్తున్నది ఆమె నోట విన్నదే.

లోపల చెట్లున్నాయి, ఉతికి ఆరేసిన బట్టలున్నాయి, కుట్టుమిషన్ల చప్పుడు ఉంది. ఆమె ఊహించుకొని వెళ్ళిన చీకటి కొట్టు ఎక్కడా కనిపించలేదు. ఆమెను కలవరపెట్టింది పిల్లలు. తల్లుల వెంట చిన్న పిల్లలు లోపల పెరుగుతున్నారు. ఒక నాలుగేళ్ళ బాబు మా విద్యార్థినిని చూడగానే చేతులు కట్టుకొని “నమస్తే మేడం” అన్నాడట. బయటి నుండి వచ్చే ఏ స్త్రీ అయినా వాడికి మేడమే. పిన్ని, అత్త, ఖాలా అన్న మాటలు వాడికి పనికిరాలేదు. తన పేరు చెప్పి “ఆపా అను” అంటే “ఆపా మేడం” అన్నాడట. ఇది చెబుతూ ఆమె నవ్వింది, తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.

ఈ పిల్లల విషయమై న్యాయవాది సోదరి మాకు ఒక తీర్పు గురించి చెప్పారు. ఆర్.డి. ఉపాధ్యాయ్ కేసులో సుప్రీంకోర్టు 2006లో ఇచ్చిన ఆ తీర్పులో ప్రతివాది ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమే. తల్లితో ఉన్న బిడ్డను ఖైదీగా చూడరాదు. ఆహారం, వైద్యం, చదువు, ఆట ఆ బిడ్డకు హక్కు. ఆరేళ్ళ వయసు వరకే తల్లి వద్ద ఉంచుకోవచ్చు. ప్రసవం సాధ్యమైనంత వరకు జైలు వెలుపలి ఆసుపత్రిలో జరగాలి. జైలులో పుట్టినా జనన ధ్రువపత్రంలో పుట్టిన చోటు జైలు అని రాయరాదు. చివరి నియమం విన్నప్పుడు ఆ తీర్పు రాసినవారి పట్ల మాకు గౌరవం కలిగింది. ఒక కాగితం మీద ఒక మాట రాయకుండా ఉండటం కూడా కరుణే.

ఇలాంటి పట్టింపు మన పూర్వుల్లోనూ ఉండేది. ఇమామ్ అబూ హనీఫా (రహ్మలై) శిష్యుడు ఖాజీ అబూ యూసుఫ్ (రహ్మలై), ఖలీఫా హారూన్ రషీద్ కోసం రాసిన కితాబుల్ ఖరాజ్‌లో ఖైదీల గురించి వివరంగా రాశారు. ఖైదీలు సంకెళ్ళతో వీధుల్లోకి వచ్చి అడుక్కొని తినే స్థితిని ఆయన తీవ్రంగా ఆక్షేపించారు. రొట్టెలు పంచమంటే కావలివారు మధ్యలో కాజేస్తారు కాబట్టి నెలకు పది దిర్హములు ఖైదీ చేతికే ఇవ్వాలని సూచించారు. చలికాలానికి, వేసవికి వేర్వేరు దుస్తులు చెప్పారు. స్త్రీ ఖైదీలకు ఏమేమి ఇవ్వాలో తల కప్పుకునే వస్త్రంతో సహా విడిగా పేర్కొన్నారు. పన్నెండు శతాబ్దాల క్రితం ఒక ఫఖీహ్ కలం చెరలో ఉన్న స్త్రీ తలమీది గుడ్డ దాకా వెళ్ళింది!

ఇక అమ్మాయి తెరచాటు నుండి అడిగిన ప్రశ్న. దానికి జవాబు ఆమెకు లోపలే దొరికింది.

రోజా మసాయిళ్ళు వినడానికి కూర్చున్నవారిలో నలభై ఏళ్ళ స్త్రీ ఒకామె ఉంది. మా జిల్లా మనిషే. హైదరాబాదులో ఇళ్ళలో పని చేసుకొని బతికేది. పనిచేసిన ఇంట్లో బంగారం పోయింది, కేసు ఆమె మీద పడింది. బెయిలు వచ్చి రెండు నెలలు దాటింది. అయినా లోపలే ఉంది. కోర్టు ఇద్దరు జామీనుదారులను అడిగింది. ఆమెకు ఒక్కరు కూడా దొరకలేదు. భర్త ఎప్పుడో వదిలేశాడు. అన్న ఫోనులో “మాకు, నీకు సంబంధం లేదు” అన్నాడు. తొమ్మిదేళ్ళ కొడుకు పెద్దమ్మ దగ్గర ఉంటున్నాడు. ఆరేళ్ళు దాటిన వాడు గనుక తల్లి దగ్గరికి రాలేడు. రంజాన్‌లో రోజాలు ఉంటావా అని అడిగితే ఆమె, “ఉంటాను బేటీ, ఇక్కడ సహెరీకి లేపడానికి మనుషులు ఉన్నారు. బయట నాకు ఎవరున్నారు?” అందట.

తన పక్కన కూర్చున్న ఒక హిందూ స్త్రీ, శిక్ష పడి చాలాకాలంగా ఉంటున్నామె, మా అమ్మాయి చెయ్యి పట్టుకొని, “నా సంగతి వేరు బిడ్డా, నాకు శిక్ష పడ్డది. దీనికి ఇంకా తీర్పే రాలే. దీన్ని తీస్కపోండ్రి” అని బతిమాలిందట. తన కోసం కాక ఇతరుల కోసం అడగడం అక్కడ కూడా ఉంది.

అల్లాహ్ ప్రవక్త హజ్రత్ యూసుఫ్ (అలై) చరిత్ర మనందరికీ తెలుసు. ఆయన చెరసాలలో మరికొన్నేళ్ళు ఎందుకు గడిపారు? బయటికి వెళ్ళినవాడు తన యజమాని దగ్గర ఆయన పేరెత్తడం మరచిపోయాడు. అదే సూరాలో, పోయిన కొలపాత్రను తెచ్చినవారికి ఒంటె మోసేంత ధాన్యం ఇస్తామని ప్రకటించినవాడు దానికి తానే హామీ అంటాడు. మన ఫుఖహా జామీను ధర్మసమ్మతమని చెప్పడానికి చూపే ఆధారాల్లో ఆ 72వ ఆయతు ఒకటి. చెర, జామీను రెండూ ఒకే సూరాలో ఉన్నాయి. హిదాయాలో కూడా ఈ రెండు ప్రకరణాలు దగ్గరదగ్గరగానే ఉంటాయి.

జామీనును ఫిఖ్హ్‌లో కఫాలత్ అంటారు. అప్పుకు పూచీపడటం ఒక రకం. మనిషికి పూచీపడటం, అంటే పిలిచిన రోజున అతన్ని న్యాయస్థానంలో హాజరు పరుస్తానని మాట ఇవ్వడం, రెండో రకం. దాన్నే కఫాలత్ బిన్నఫ్స్ అంటారు. నేటి కోర్టులో బెయిలు జామీను అచ్చంగా ఇదే. అప్పు మిగిలి ఉన్న ఒక వ్యక్తి జనాజా నమాజు చేయించడానికి దైవప్రవక్త (స) వెనుకాడినప్పుడు, ఆ అప్పు తన మీద వేసుకుంటానని అబూ ఖతాదా (రజి) ముందుకు వచ్చిన ఉదంతం బుఖారీలో ఉంది. ఆ తర్వాతే ప్రవక్త (స) నమాజు చేయించారు.

భోజనాల దగ్గర ఆ మెకానిక్ సోదరుడు మొదటిసారి నోరు విప్పారు. “మౌలానా, ఆమె నిజంగానే దొంగతనం చేసి ఉంటే?”

సరైన ప్రశ్న. చాలామంది ఆగిపోయేది ఇక్కడే. మేము చెప్పిన జవాబు ఇది: కఫాలత్ వేరు, షహాదత్ వేరు. హిదాయాలో అవి రెండు వేర్వేరు కితాబులు. సాక్షి ఏది జరిగిందో చెబుతాడు, కాబట్టి చూడనిది చెప్పరాదు. జామీనుదారుడు ఆమె నిర్దోషి అని చెప్పడు. ఆమె తప్పించుకోదు, పిలిస్తే వస్తుంది అని మాత్రమే చెబుతాడు. నేరం చేసిందో లేదో కోర్టు తేలుస్తుంది. తేలేదాకా ఆమె లోపల ఉండాలా, బిడ్డ దగ్గర ఉండాలా అన్నదే మన ముందున్న ప్రశ్న. దానికి కోర్టు జవాబు రెండు నెలల క్రితమే వచ్చింది.

“పారిపోతే?” అని మళ్ళీ అడిగారు.

అలా జరిగితే జామీనుదారుడు బాధ్యుడవుతాడు, బాండు మొత్తం అతని నుండి వసూలు చేయవచ్చు. హిదాయా ఇంకా కఠినం: గడువు ఇచ్చినా హాజరు పరచని కఫీల్‌ను బంధించమంటుంది. ఈ సంగతి దాచి ఎవరినీ జామీను నిలబడమనకూడదు. అలాగే, డబ్బు తీసుకొని జామీను నిలిచేవారి జోలికి వెళ్ళకూడదు. మన ఫుఖహా కఫాలత్‌కు ప్రతిఫలం తీసుకోవడం ధర్మసమ్మతం కాదన్నారు; చట్టం దృష్టిలో దొంగ కాగితాలతో నిలబడటం నేరం.

న్యాయవాది సోదరి చట్టం సంగతి వివరించారు. స్త్రీలకూ, నిర్బంధంలో ఉన్నవారికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయవాదిని పొందే హక్కును 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ఇచ్చింది. బెయిలు వచ్చి ఏడు రోజుల్లో విడుదల కాని ఖైదీ గురించి జైలు అధికారి జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు తెలియజేయాలని, నెలలోగా జామీను దొరక్కపోతే షరతులు సడలించడాన్ని కోర్టు పరిశీలించవచ్చని సుప్రీంకోర్టు 2023 జనవరిలో ఆదేశించింది. పేద ఖైదీల కోసం కేంద్రం తెచ్చిన పథకం కింద విచారణ ఖైదీకి ఆర్థిక సాయం అందవచ్చు. 2024 జులై నుండి అమల్లో ఉన్న నాగరిక సురక్షా సంహిత 479వ సెక్షను ప్రకారం, మొదటిసారి కేసులో ఇరుక్కున్నవారు ఆ నేరానికి పడగల గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం విచారణ ఖైదీగా గడిపితే బాండు మీద విడుదలకు అర్హులు. మరణశిక్ష, యావజ్జీవం పడగల నేరాలకు మాత్రం ఇది వర్తించదు. షరతు సడలించమని ఆమె అర్జీ సిద్ధం చేస్తున్నారు. “అర్జీ విచారణకు రావాలి. ఇద్దరు మనుషులు దొరికితే అంతదాకా ఆగనక్కర్లేదు” అన్నారు.

ఈ చట్టాల వెనుక కూడా ఒక స్త్రీ పేరు ఉంది. విచారణ జరగకుండా బీహార్ జైళ్ళలో ఏళ్ళ తరబడి మగ్గినవారి కోసం న్యాయవాది కపిలా హింగోరానీ సుప్రీంకోర్టుకు వెళ్ళినప్పుడు, ఆ కేసుకు ఒక ఖైదీ పేరు వచ్చింది: హుస్సేనారా ఖాతూన్. సత్వర విచారణ జీవించే హక్కులో భాగమని 1979లో ఆ కేసులోనే కోర్టు తేల్చింది. దేశంలోని న్యాయ కళాశాలలన్నీ ఆ పేరును చదువుతాయి. మన ఇళ్ళలో ఎంతమందికి తెలుసు?

తిరుగు ప్రయాణంలో అమ్మాయి కిటికీ వైపు చూస్తూ కూర్చుంది. చౌటుప్పల్ దాటాక ఆమె తండ్రి మా వైపు వంగి, “నా ఇల్లు నా పేరు మీదే ఉంది. పన్ను రసీదు కూడా ఉంది. నల్లగొండ ఇంటి కాగితం హైదరాబాదు కోర్టులో పనికొస్తుందా?” అని అడిగారు. జామీనుదారుడు వేరే జిల్లావాడన్న ఒక్క కారణంతో తిరస్కరించడం తగదని సుప్రీంకోర్టు 1978లో మోతీరామ్ అనే తాపీమేస్త్రీ కేసులో చెప్పిందని న్యాయవాది సోదరి మాటల్లో అప్పటికే విన్నాము. అదే ఆయనకు చెప్పాము.

రెండో మనిషి కోసం పది రోజులు పట్టింది. అడిగినవారిలో ఇద్దరు హాజీలు, ఒక వ్యాపారి ఉన్నారు. “డబ్బు కావాలంటే ఇస్తాం, పేరు మాత్రం వద్దు” అన్నారు ముగ్గురూ. జామీను నిలిచేవాడు ఆ రోజు సాధారణంగా డబ్బు కట్టనక్కర్లేదని, బాండు మాత్రమే రాసిస్తాడని చెప్పినా వారి మాట మారలేదు. పేరు డబ్బుకన్నా ఖరీదైనదన్నమాట. చివరికి మా వీధిలో గాజుల దుకాణం నడిపే ఒక వితంతు సోదరి, మా ఇంటివారి ద్వారా సంగతి విని, తన ఇంటి కాగితాలు ప్లాస్టిక్ కవరులో పెట్టుకొని తానే వచ్చారు. ఆమెను మేము అడగనే లేదు.

రంజాన్ నాలుగో రోజున కోర్టు ఇద్దరి కాగితాలనూ ఆమోదించింది. విడుదల ఉత్తర్వు జైలుకు చేరేసరికి ఇఫ్తార్ వేళ కావచ్చింది. ఆమె ఒక గుడ్డ సంచితో బయటికి వచ్చి, న్యాయవాది సోదరి ఇచ్చిన ఖర్జూరంతో అక్కడే రోజా విప్పింది. ఆ రాత్రి వారి ఇంట్లోనే ఉండి, మరునాడు ఉదయం కొడుకు దగ్గరికి బస్సెక్కింది. గాజుల దుకాణం సోదరికి, మెకానిక్ సోదరునికి ఆమె ముఖం ఎలా ఉంటుందో ఇప్పటికీ తెలియదు.

కేసు తదుపరి వాయిదా షవ్వాల్ నెలలో ఉంది. ఆ తేదీ చుట్టూ మా మదరసా కార్యాలయంలోని కేలెండరు మీద ఎర్ర సిరాతో గీత గీసి ఉంది. ముందురోజు ఆమెకు ఫోను చేసి గుర్తుచేసే బాధ్యత ఐదవ సంవత్సరం విద్యార్థినులది.